క్యూ పక్కన యూ లేని మాటలు

ఇంగ్లీషు 'ఏ' అక్షరాన్ని రెండుసార్లు పక్కపక్కన రాస్తే ఒక మాట అవుతుంది. దాన్ని పలకడం 'ఆఆ' అని. హవాయి దీవుల్లో అగ్నిపర్వతం కక్కిన లావా పారి, చల్లారి, కాలు మోపలేనంత గరుకు రాళ్లుగా మిగిలితే అక్కడివాళ్లు దానికి ఆ పేరు పెట్టారు. భూగర్భ శాస్త్రవేత్తలు కూడా ఆ పేరే తీసుకున్నారు. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మాస్టారికైనా ఈ మాట ఎన్నడూ ఎదురుపడి ఉండకపోవచ్చు. స్క్రాబుల్ అనే మాటల ఆట ఆడేవారికి మాత్రం ఇది ఓనమాల్లో మొదటిది. వారు కంఠతా పట్టే రెండక్షరాల మాటల జాబితా అక్షర క్రమంలో దీనితోనే మొదలవుతుంది.

ఎవరూ మాట్లాడని ఇలాంటి మాటలకు ఒక ఆటలో ఇంత గిరాకీ ఎందుకు వచ్చిందో తెలియాలంటే, ఆ ఆట ఎలా తయారైందో చూడాలి. ఆల్ఫ్రెడ్ మోషర్ బట్స్ న్యూయార్క్‌లో ఆర్కిటెక్టు. 1930ల మొదట్లో, ఆర్థిక మాంద్యం ముదిరిన రోజుల్లో, ఆయన ఉద్యోగం పోయింది. చేతిలో పని లేని ఆ కాలంలో ఆయన సగం తెలివి మీద, సగం అదృష్టం మీద నడిచే ఒక మాటల ఆట కట్టాలనుకున్నాడు. ఏ అక్షరానికి ఎన్ని బిళ్లలు పెట్టాలో తేల్చుకోవడానికి న్యూయార్క్ టైమ్స్ పత్రిక మొదటి పేజీ ముందు పెట్టుకుని అక్షరాలు లెక్కపెట్టాడు. ఆటకు మొదట లెక్సికో అనీ, తర్వాత క్రిస్ క్రాస్ వర్డ్స్ అనీ పేరు పెట్టాడు. 1948లో జేమ్స్ బ్రూనో హక్కులు తీసుకుని, స్క్రాబుల్ అని పేరు మార్చి అమ్మకానికి పెట్టాడు. పేరు మారినా ఆ అక్షరాల లెక్క ఈనాటికీ చెక్కుచెదరలేదు.

సంచిలో మొత్తం 100 బిళ్లలు ఉంటాయి. వాటిలో రెండు ఖాళీ బిళ్లలు, అంటే ఏ అక్షరంగానైనా వాడుకోదగినవి. ఎక్కువగా వాడే 'ఈ' అక్షరానికి 12 బిళ్లలు, 'ఏ'కీ 'ఐ'కీ తొమ్మిదేసి. క్యూ, జెడ్, జె, ఎక్స్, కె అక్షరాలకు ఒక్కొక్కటే. ఎంత అరుదైన అక్షరమైతే అంత విలువ. 'ఈ' బిళ్లకు ఒక్క పాయింటు, జె, ఎక్స్ బిళ్లలకు 8, క్యూ, జెడ్ బిళ్లలకు 10. ఊరికే బహువచనాలు చేసి పాయింట్లు దండుకోకుండా 'ఎస్' బిళ్లల్ని బట్స్ నాలుగుకే పరిమితం చేశాడు. అడ్డం 15, నిలువు 15, వెరసి 225 గళ్ల బోర్డు. ఎప్పుడూ చేతిలో ఏడు బిళ్లలు ఉంటాయి. ఆ ఏడూ ఒకే వంతులో దించితే మాట విలువ కాక మరో 50 పాయింట్లు వస్తాయి.

చిక్కంతా ఈ లెక్కలోనే ఉంది. క్యూ బిళ్ల పది పాయింట్లది, కానీ ఇంగ్లీషులో క్యూ వెంట దాదాపు ఎప్పుడూ 'యూ' నడుస్తుంది. సంచిలో యూలు నాలుగే. అవి ఎదుటివారి చేతికి చిక్కితే, క్యూ పట్టుకున్నవారు ఆట చివరిదాకా దాన్ని మోయాల్సిందే. చివర చేతిలో మిగిలిన బిళ్లల విలువ సొంత లెక్కలోంచి తీసేస్తారు గనుక, లాభం తెచ్చిపెట్టాల్సిన బిళ్లే నష్టం చేస్తుంది. పైగా ఆట సగం దాటేసరికి బోర్డు ఇరుకవుతుంది. పెద్ద మాటలకు చోటు ఉండదు. అలాంటప్పుడు విలువైన అక్షరాన్ని చిన్న సందులో దూర్చగలిగే పొట్టి మాట కావాలి. నిత్యవ్యవహారపు ఇంగ్లీషులో అలాంటి మాటలు తక్కువ. అందుకే ఆటగాళ్లు నిఘంటువు మూలమూలలా వెతికారు.

ఆ వెతుకులాటలో దొరికిన పెన్నిధి క్యూ-ఐ. దీన్ని 'చీ' అని పలుకుతారు. శరీరంలో ప్రవహించే ప్రాణశక్తికి చైనా సంప్రదాయంలో ఉన్న పేరు ఇది. ఉత్తర అమెరికా పోటీల జాబితాలోకి ఇది 2006లో వచ్చింది. దీని బలం ఏమిటో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. బోర్డు మీద కొన్ని గళ్లు అక్షరం విలువను మూడింతలు చేస్తాయి. అలాంటి గడిలో క్యూ పడి, దాని కుడిపక్కన ఒక 'ఐ', క్యూ కింద మరో 'ఐ' ఉన్నాయనుకుందాం. అడ్డంగా ఒక మాట, నిలువుగా ఒక మాట ఏర్పడతాయి. క్యూకు 30, ఐకి 1 కలిపి 31. రెండువైపులా లెక్క కడతారు గనుక 62. ఏడు బిళ్లలూ దించితే వచ్చే అదనపు బహుమతి 50 పాయింట్లే అని గుర్తుంచుకుంటే, రెండక్షరాల ఈ మాట ఎంత పని చేస్తుందో అర్థమవుతుంది. అదే 2006లో అమెరికా జాబితాకెక్కిన మరో పొట్టి మాట జెడ్-ఏ. పిజ్జాను కుర్రకారు ముద్దుగా పిలుచుకునే పేరు అది.

ఉత్తర అమెరికా బయట జరిగే ఇంగ్లీషు పోటీలకు ప్రమాణం కాలిన్స్ జాబితా. దాని 2019 కూర్పులో 2,79,496 మాటలున్నాయి. వాటిలో రెండక్షరాలవి 127 మాత్రమే. పోటీల్లో ఆడదలచినవారు మొదట నేర్చేవి ఇవే. ఈ 127 ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఏ-ఐ అంటే దక్షిణ అమెరికా అడవుల్లో చెట్టుకు వేలాడుతూ మహా మందకొడిగా కదిలే మూడువేళ్ల జంతువు, స్లోత్. అక్కడి టూపీ భాష నుంచి ఆ పేరు వచ్చింది. ఎక్స్-యూ వియత్నాంలో ఒకప్పటి చిల్లర నాణెం. ఓ-ఈ ఫారో దీవుల దగ్గర లేచే సుడిగాలి. జె-ఓ స్కాట్లండ్‌లో ప్రియమైన మనిషిని పిలిచే మాట. కె-ఏ ప్రాచీన ఈజిప్టులో మనిషి వెంట ఉంటుందని నమ్మిన ఆత్మ. జెడ్-ఓ టిబెట్ ప్రాంతంలో జడలబర్రెకూ ఆవుకూ పుట్టిన సంకర పశువు. దీన్నే డి-జెడ్-ఓ అనీ, డి-ఎస్-ఓ అనీ, జెడ్-హెచ్-ఓ అనీ కూడా రాస్తారు, అన్నీ చెల్లుతాయి. ఒకే పశువు పేరును పర్యాటకులు నాలుగు రకాలుగా విని నాలుగు రకాలుగా రాసుకోవడం ఆటగాళ్లకు వరమైంది.

ఈ పొట్టి మాటల్లో కొన్ని అక్షరాల పేర్లే. గ్రీకు అక్షరాలు మ్యూ, న్యూ, పై, క్సై చెల్లుతాయి. ఇంగ్లీషు అక్షరాల పేర్లలో ఎఫ్, ఎల్, ఎమ్, ఎన్ వంటివి రెండక్షరాల మాటలుగా రాయవచ్చు. అచ్చు కూర్చేవారికి ఎమ్, ఎన్ కొలతలు కూడా. పాశ్చాత్య సంగీతంలో మన సరిగమలకు సాటి వచ్చే దో, రే, మీ, ఫా, సో, లా, టీ ఏడింటికీ జాబితాలో చోటుంది. దో అనే స్వరానికి పూర్వం ఉన్న పేరు యూ-టి, అదీ చెల్లుతుంది. మన స్వరాల్లో మ, ప అక్షరాలు ఇంగ్లీషులో రాస్తే అవీ చెల్లుతాయి గానీ అమ్మ, నాన్న అన్న అర్థంలో మాత్రమే.

రెండక్షరాల మాట తెలియడం ఒక ఎత్తు, దానికి ముందూ వెనకా ఏ అక్షరం అతుకుతుందో తెలియడం మరో ఎత్తు. ఓ-ఈ అన్న సుడిగాలి ముందు 'టి' పెడితే కాలివేలు, 'డి' పెడితే ఆడజింక, 'ఎఫ్' పెడితే శత్రువు. ఇలా అతికించి, అదే వంతులో ఆ అక్షరం మీదుగా మరో పెద్ద మాట నిలువుగా దించితే రెండు మాటల లెక్కా వస్తుంది. ఆట నేర్చినవారికీ ఊరికే ఆడేవారికీ ఉన్న తేడా ప్రధానంగా ఇక్కడే బయటపడుతుంది.

యూ లేని క్యూ మాటల దగ్గరికి వస్తే తెలుగువారికి ఒక సౌలభ్యం ఉంది. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారికి కొరుకుడుపడని ఈ మాటల్లో చాలావాటిని మన పల్లెల్లోనూ పట్నాల్లోనూ తరతరాలుగా వింటున్నాం. ఫకీరును ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్ అని రాస్తే 17 పాయింట్లు. తలాక్ చివర క్యూతో రాస్తే 14. బురఖా, నిఖాబ్, నమాజు చేసే దిక్కును చెప్పే ఖిబ్లా, ఖాజీ, అన్నీ క్యూతో చెల్లుతాయి. కారణం లిపిలో ఉంది. అరబ్బీలో గొంతు లోపలి నుంచి పలికే 'ఖాఫ్' అనే అక్షరం ఉంది. రోమన్ లిపిలోకి మార్చేవారు దాన్ని 'కె'తో రాస్తే మరో అక్షరంతో కలిసిపోతుందని క్యూ వాడారు. ఆ క్యూ వెంట యూ నడవాల్సిన పని లేదు. తెలుగులో మనం అదే ధ్వనిని 'క'తోనో 'ఖ'తోనో సరిపెట్టుకున్నాం.

వీటన్నిటిలో మేలిరకం ఖవ్వాలీ. క్యూ-ఏ-డబ్ల్యు-డబ్ల్యు-ఏ-ఎల్-ఐ, సరిగ్గా ఏడక్షరాలు. సంచిలో ఉన్న రెండు డబ్ల్యులూ చేతికి రావాలి. అవి వచ్చి, క్యూ కూడా ఉంటే, అక్షరాల విలువ 22, ఏడు బిళ్లలకు బహుమతి 50, బోర్డు మీది ప్రత్యేక గళ్ల లాభం కలపకుండానే 72. యెమెన్‌లో నమిలే ఆకు ఖాట్, ఇరాన్‌లో కొండ నీటిని భూమి లోపలి సొరంగాల గుండా ఊళ్లకు తెచ్చే ఖనాత్, హీబ్రూ అక్షరం ఖోఫ్ కూడా ఇదే బాపతు. అరబ్బీతోనూ హీబ్రూతోనూ సంబంధం లేని మాట ఒకటి ఉంది, క్వర్టీ. టైపు మిషను పై వరసలో ఎడమ నుంచి వచ్చే ఆరక్షరాల పేరే మాటగా మారింది.

చేతిలో అచ్చులు ఎక్కువైనా ఇబ్బందే, తక్కువైనా ఇబ్బందే. తెలుగులో అచ్చు గుణింతమై హల్లులో ఒదిగిపోతుంది. ఇంగ్లీషులో అది విడిగా నిలబడే బిళ్ల, కాబట్టి ఏడింటిలో ఆరు అచ్చులే వచ్చే దుస్థితి ఏర్పడుతుంది. ఆ సమయంలో ఆదుకునే మాటల్లో ఒకటి హవాయి చెట్టు ఆలీ, ఏ-ఏ-ఎల్-ఐ-ఐ, నాలుగు అచ్చులకు ఒకే హల్లు. దాన్ని మించింది ఈ-యూ-ఓ-యూ-ఏ-ఈ. ఆరక్షరాలూ అచ్చులే. మధ్యయుగపు క్రైస్తవ భజనలకు స్వరం రాసుకునేటప్పుడు, చివర వచ్చే 'సెక్యులోరుమ్ ఆమెన్' అనే లాటిన్ మాటల్లోంచి అచ్చుల్ని మాత్రమే తీసి గుర్తుగా పెట్టేవారు. ఆ గుర్తే నిఘంటువులోకి మాటగా ఎక్కింది. దాని విలువ ఆరు పాయింట్లే అయినా చేతిలోని అచ్చులన్నీ ఒక్క దెబ్బతో వదిలిపోతాయి.

అచ్చులు బొత్తిగా లేనప్పుడు వేల్స్ దేశపు భాష ఆదుకుంటుంది. ఆ భాషలో డబ్ల్యు అచ్చుగా పనిచేస్తుంది. సి-డబ్ల్యు-ఎమ్, పలకడం 'కుమ్' అని, కొండల నడుమ లోయ తలభాగాన ఉండే గిన్నెలాంటి పల్లం. సి-ఆర్-డబ్ల్యు-టి-హెచ్, పలకడం 'క్రూత్' అని, కమానుతో వాయించే పాతకాలపు తంత్రీవాద్యం. నోటితో చేసే చప్పుళ్లు కూడా పనికొస్తాయి. చలికి వణికితే బి-ఆర్-ఆర్, ఎవరినైనా గుట్టుగా పిలవాలంటే పి-ఎస్-ఎస్-టి, చప్పరిస్తే టి-ఎస్-కె. గురకకు మూడు జెడ్‌లు. సంచిలో జెడ్ ఒక్కటే కాబట్టి, ఆ మాట దించాలంటే ఖాళీ బిళ్లలు రెండూ దానికే ఖర్చు పెట్టాలి. ఖాళీ బిళ్లకు విలువ సున్నా గనుక వచ్చేది పది పాయింట్లే. అంత విలువైన బిళ్లల్ని దానికి తగలేయడం తెలివైన పని కాదు.

ఏ మాట చెల్లుతుందో, ఏది చెల్లదో తేల్చేది ఎవరు? ఉత్తర అమెరికాలో మెరియమ్ వెబ్‌స్టర్ సంస్థ 1978లో ఆటగాళ్ల కోసం ప్రత్యేక నిఘంటువు వేసింది. అక్కడి పోటీల జాబితాలో 1,90,000కు పైగా మాటలుంటాయి. బ్రిటన్‌లో 2003 వరకు ఛేంబర్స్ నిఘంటువే ప్రమాణం, ఆ తర్వాత కాలిన్స్ వచ్చింది. ఛేంబర్స్ ఎడిన్‌బరో నగరంలో పుట్టిన ప్రచురణ సంస్థ. సొంత గడ్డ మాటల్ని అది ప్రేమగా పోగుచేసింది. అందుకే స్కాట్లండ్ మాటలకు ఈ ఆటలో అంత పెద్దపీట. కె-వై అంటే స్కాట్లండ్ యాసలో ఆవులు. పదహారో శతాబ్దపు కవి స్పెన్సర్ వాడిన పాత మాటలనూ ఛేంబర్స్ వదల్లేదు. 'గతంలో' అన్న అర్థంలో ఆయన రాసిన వై-జి-ఓ-ఈ ఇంకా బతికి ఉన్నది స్క్రాబుల్ బల్లల మీదనే. ఒక నిఘంటుకారుడి శ్రద్ధ వల్ల మరుగున పడాల్సిన మాటలు వందల ఏళ్ల తర్వాత వేలమంది నోట నానడం చిన్న విషయం కాదు.

జాబితాలు స్థిరంగా ఉండవు. అందరూ రోజూ అనే 'ఓకే' అనే రెండక్షరాల మాట 2018లో గానీ అమెరికా నిఘంటువులో చేరలేదు. కాలిన్స్ జాబితాలోకి అది 2019లో వచ్చింది. మాటలు పోవడం కూడా ఉంది. ఉత్తర అమెరికా బయట ఆట హక్కులున్న మాటెల్ సంస్థ 2021లో జాతినీ వర్గాన్నీ కించపరిచే సుమారు 400 మాటల్ని తీసేయించింది. ఆటలో అర్థంతో పనిలేదనీ, అక్షరాలే లెక్క అనీ కొందరు ఆటగాళ్లు అభ్యంతరం చెప్పారు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ మాట గుచ్చుకుంటే అది అక్షరాల వరస మాత్రమే అని చెప్పడం కుదరదు. తీసేయడమే సరైన పని.

చెల్లని మాట దించితే ఏమవుతుందన్నది మరో ఆసక్తికరమైన సంగతి. ఎదుటివారు ప్రశ్నించకపోతే అది చెల్లినట్టే. ప్రశ్నించి, మాట నిజంగా చెల్లనిదని తేలితే, దించినవారు బిళ్లలు వెనక్కి తీసుకుని వంతు పోగొట్టుకుంటారు. మాట సరైనదని తేలితే అమెరికాలో ప్రశ్నించినవారి వంతు పోతుంది. అంటే వింత మాట తెలిసి ఉండటం రెండువైపులా పదునున్న కత్తి లాంటిది. అది పాయింట్లు తెస్తుంది, ఎదుటివారు అనుమానపడి ప్రశ్నిస్తే వంతు కూడా తెచ్చిపెడుతుంది.

వింత మాటలు రికార్డులు కూడా తెచ్చాయి. 1982లో మాంచెస్టర్‌లో జరిగిన పోటీలో కార్ల్ ఖోష్‌నా ఒకే వంతులో 392 పాయింట్లు కొట్టాడు. ఆయన దించిన మాట కజీక్స్, అంటే వెస్టిండీస్ ఆదివాసుల నాయకులు. 2006 అక్టోబరులో అమెరికాలోని లెక్సింగ్టన్ పట్టణంలో మైకేల్ క్రెస్టా అనే వడ్రంగి ఒకే ఆటలో 830 పాయింట్లు సాధించాడు. అందులో 365 పాయింట్లు ఒక్క క్విక్సట్రీ అనే మాటవే. సెర్వాంటెస్ నవలా నాయకుడు డాన్ కిహోటే తరహాలో నేలవిడిచి సాము చేయడం అని దానర్థం.

అర్థం తెలియకుండా ఆడలేమా అంటే, ప్రపంచ విజేతల్లో పలువురు అలాగే ఆడారు. ఇంగ్లీషు అంతగా మాట్లాడని థాయిలండ్ నుంచి 2003లో పానుపోల్ సుజ్జయకోర్న్, 2009లో పకోర్న్ నెమిత్ర్‌మన్సుక్ ప్రపంచ విజేతలయ్యారు. న్యూజీలండ్‌లో పుట్టి మలేషియాలో స్థిరపడిన నైజెల్ రిచర్డ్స్ 2007కీ 2019కీ మధ్య ఐదుసార్లు ప్రపంచ విజేత. 2015లో ఆయన ఫ్రెంచి భాషలో ఒక సంభాషణ కూడా నడపలేని స్థితిలో, సుమారు తొమ్మిది వారాలు ఫ్రెంచి మాటల జాబితా చదివి, బెల్జియంలో జరిగిన ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. 2024లో స్పెయిన్‌లోని గ్రనడా నగరంలో స్పానిష్ పోటీని కూడా అలాగే గెలిచాడు. అదే 2015లో పెర్త్ నగరంలో నైజీరియాకు చెందిన వెల్లింగ్టన్ జిగెరె ఆఫ్రికా నుంచి తొలి ఇంగ్లీషు ప్రపంచ విజేత అయ్యాడు. ఈ ఆట ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి సొత్తు కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అలాంటివారి కళ్లకు అక్షరాలు కనిపించే తీరే వేరు. ఆర్-ఈ-టి-ఏ-ఐ-ఎన్-ఎస్ అనే ఏడక్షరాల్ని తారుమారు చేస్తే ఒకటి కాదు, అనేక మాటలు వస్తాయి. కంటిపొరలైన రెటీనాలు, పైన్ చెట్టు జిగురు వాసన వేసే గ్రీకు ద్రాక్షసారా రెట్సీనా, కొవ్వొత్తుల్లో వాడే కొవ్వు స్టియరిన్, రతీన్లు అనే ముతక గుడ్డలు. బోర్డు మీద ఏ అక్షరం ఖాళీగా ఉంటే దానికి తగిన మాటను వీరు క్షణాల్లో ఎంచుకుంటారు. అయినా మామూలు ఆటగాడికి అర్థం తెలుసుకోవడమే దగ్గరి దారి. సుడిగాలి అని తెలిస్తే ఓ-ఈ మరపురాదు. ఊరికే రెండక్షరాలుగా చదివితే వారం తిరిగేలోగా మరుపున పడుతుంది.

మన దేశపు మాటలు ఈ జాబితాలో వందల కొద్దీ ఉన్నాయి. దోసె, ఇడ్లీ, నెయ్యికి ఘీ, లక్ష, కోటి, ధర్నాల రోజుల్లో వినే బంద్, ఘెరావ్, కచేరీల్లో వినే తహసీల్, తహసీల్దార్, వకీల్, తాలూకా, జమీందార్, అన్నీ చెల్లుతాయి. వ్యక్తుల పేర్లూ ఊళ్ల పేర్లూ ఆటలో నిషిద్ధం. నిజాం మాత్రం పేరు కాదు, పదవి. హైదరాబాదు పాలకుడి బిరుదుగా అది సామాన్య నామమై జాబితాకెక్కింది, విలువ 16 పాయింట్లు. ఆయన పాలనను చెప్పే నిజామేట్ కూడా చెల్లుతుంది. బెల్లానికి జాగరీ అన్న మాట మలబారు తీరం నుంచి పోర్చుగీసు వారి నోట ఇంగ్లీషులోకి వెళ్లింది. సరిగ్గా ఏడక్షరాలు, విలువ 19.

అచ్చంగా తెలుగు నుంచే వెళ్లిన మాట ఒకటి ఉంది, బ్యాండికూట్. ఇంగ్లీషు వాళ్లు పందికొక్కును అలా విన్నారు, అలా రాసుకున్నారు. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో కనిపించిన సంచి జంతువుకు కూడా ఆ పేరే తగిలించారు. ఆ మాటలో తొమ్మిది అక్షరాలున్నాయి, చేతిలో ఉండే బిళ్లలు ఏడు. అయినా బోర్డు మీద ఎవరైనా కూట్ అనే నీటిపక్షి పేరు దించి, దాని ముందు ఐదు గళ్లు ఖాళీగా వదిలితే చాలు. బి, ఏ, ఎన్, డి, ఐ బిళ్లలు ఉన్నవారు వాటిని వరసగా పేర్చగానే నాలుగక్షరాల ఆ పక్షి పందికొక్కుగా మారుతుంది.